పెరటి పండులో మన వాటా

పండ్లు కొనాలంటే మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఓ సందర్భం కావాలి. ఎవరికైనా జ్వరం రావాలి, లేదా పండగ రావాలి, అదీ కాకపోతే చుట్టాలింటికి వట్టి చేతుల్తో వెళ్ళలేకపోవాలి. మామూలు రోజున కొన్న నాలుగు కాయలూ ముందు పిల్లలకి, తర్వాత ఆయనకి, ఆపైన అత్తగారికి. మిగిలితే ఇల్లాలికి. మిగలవని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. పదిమందిలో దాదాపు ఆరుగురన్నమాట! దీనికంతటికీ పండే మందని నేననను. డాక్టరు రాసిన ఐరన్ మాత్ర మానొద్దు. కానీ ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి. 100 గ్రాముల జామపండులో అది 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 100 గ్రాముల పండ్లు తినమంటోంది. అంటే ఓ మాదిరి జామకాయ. అదీ మనకి అందడం లేదు.

అందుకే వానలు పడగానే పెరట్లో ఓ పండ్ల మొక్క వేయమంటున్నాను. దానికి వందలు పోయక్కర్లేదు. నర్సరీలో కాయలతో సహా కుండీలో నిలబెట్టిన పెద్ద చెట్టుని చూసి మోజుపడతాం. చిన్న కుండీలో ఎక్కువ కాలం ఉన్న మొక్క వేళ్ళు చుట్టలు చుట్టుకుని, నేలలో పెట్టాక కూడా త్వరగా పాకవు. దానికన్నా చిన్న సంచీలో ఉన్న ఆరోగ్యమైన జామ అంటు మేలు. రెండు మూడేళ్ళలో కాపుకొస్తుంది.

అసలు మట్టే లేకుండా అమ్మే మొక్కలూ ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్, కాశ్మీర్‌లలో చలికాలం ఆపిల్ మొక్కలు ఆకులు రాల్చి నిద్రపోతాయి. అప్పుడు వాటిని వట్టి వేళ్ళతో పెరికి, కట్టలు కట్టి అమ్ముతారు. కుండీ, మట్టి ఖర్చుండదు కాబట్టి చవక. మన జామకి, మామిడికి ఆ నిద్ర లేదు, అలా పెరికితే వాడిపోతాయి. మనకి ఆ చవక మొక్క అరటి పిలక. తిండంతా గడ్డలోనే దాచుకుంటుంది కాబట్టి మట్టి లేకపోయినా తట్టుకుంటుంది. పక్కింటివాళ్ళని అడిగితే కాదనరు. వెడల్పాటి ఆకులున్నది వద్దు. కత్తిలా సన్నటి ఆకులుండి, అడుగు లావుగా ఉన్న పిలక తీసుకోండి. గడ్డ మీద పురుగు తొలిచిన బెజ్జాలు, కుళ్ళు లేకుండా చూసుకోండి. పాత వేళ్ళు కోసేసి, వెంటనే నాటలేకపోతే తడి గోనెపట్టాలో చుట్టి నీడన పెట్టండి.

దానిమ్మా అంతే. పెన్సిలంత లావు, జానెడు పొడవున్న ముదురు కొమ్మ దొరికితే చాలు, తడి మట్టిలో గుచ్చితే వేళ్ళు పోసుకుంటుంది.

నాటడం గంట పని, పెంచడం ఏడాది పని. నారు పోసినవాడు నీరు పోయడా అంటాం గానీ, ఇక్కడ ఆ నీరు పోయాల్సింది మనమే. అడుగున్నర గొయ్యి తీసి, బాగా చివికిన పశువుల ఎరువు మట్టితో కలపండి. సాయంత్రం పూట నాటండి. సంచీలో మొక్కయితే ప్లాస్టిక్ కవరు పూర్తిగా చింపి తీసేయాలి. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకూడదు. మట్టి గట్టిగా అదిమి, నీళ్ళు పోసి, ఓ కర్ర ఊతమివ్వండి. మొదట్లో ఎండాకులు, గడ్డి మొదలు చుట్టూ పరిస్తే తేమ నిలుస్తుంది. అవి మానుకి తగలకుండా కాస్త ఎడం ఉంచండి. బియ్యం కడిగిన నీళ్ళు పోయొచ్చు, సబ్బు నీళ్ళు వద్దు. జామ మొదటి ఏడాదే పూస్తే ఆ పూత గిల్లేయండి, మనసొప్పకపోయినా సరే. అరటి గెల వేసేదాకా పక్క పిలకల్ని ఎప్పటికప్పుడు కోసేసి, గెల పడ్డాక ఒక్కదాన్ని ఉంచుకోండి.

'అద్దె ఇల్లు, మనకెందుకు చెట్టు?' అంటారు చాలామంది. అరటి ఏడాది అటూ ఇటూగా గెల చేతికిస్తుంది, బొప్పాయి ఇంకా ముందే. ఇల్లుగలావిడని ఓ మాట అడిగి వేయండి. మీరు ఖాళీ చేసి వెళ్ళినా, ఆ కాయ తర్వాత వచ్చే ఇల్లాలు తింటుంది. పెరడే లేనివాళ్ళు పెద్ద డ్రమ్ములో దానిమ్మ పెంచుకోవచ్చు. అడుగున చిల్లులు పెట్టడం మాత్రం మరవొద్దు.

ఒక్క మాట. చెట్టుకి నీళ్ళు పోసేది మనం, ఆకులు ఊడ్చేది మనం. కాపు వచ్చినప్పుడు బుట్ట నింపి అందరికీ పంచేదీ మనమే. ఆ పంచేటప్పుడు మీ పేరు కూడా లెక్కలో వేసుకోండి. మొదటి కాయ దేవుడికి పెట్టండి, రెండోది మీరు తినండి.