పొదుగుకొచ్చిన కోడిని లేపకండి

గత నెల పిల్లల వార్డులో ఒక తల్లి మూడేళ్ల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. విరేచనాలు కట్టాయి. ఇంటికి పంపే రోజు. బిడ్డకు మాత్రం వయసుకు తగిన బరువు లేదు. మా సిస్టరు ఎప్పటిలాగే చెప్పవలసినవి చెప్పారు. పప్పు పెట్టమన్నారు, చేతులు కడగమన్నారు, రోజూ ఒక గుడ్డు పెట్టమన్నారు. ఆ తల్లి అన్నిటికీ తల ఊపింది గాని గుడ్డు మాట దగ్గర ఆగిపోయింది.

"ఇంట్లో కోళ్లు లేవా అమ్మా?" అని అడిగారు సిస్టరు.

"ఉండేవండి. నిరుడు కొక్కెర తెగులొచ్చి పద్నాలుగు పోయాయి. ఒక్క పెట్ట మిగిలింది. అది కూడా పొదుగుకొచ్చి కూర్చుంది. గుడ్లు మానేసిందని మా అత్తగారు దాని ముక్కుకి ఈక గుచ్చి, నీళ్లలో ముంచి లేపేసింది."

"లేపకుండా పొదగేస్తే పోయేది కదా? పిల్లలకు తెగులు మందు వేయించుకోవచ్చు."

"ఒక్క పెట్టకి, పది పిల్లలకి మందు సీసా ఎవరు తెస్తారండీ?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. రోజూ గుడ్డు పెట్టమని ఇన్నేళ్లుగా చెబుతున్నామే గాని, ఆ గుడ్డు ఏ ఇంటికి ఎక్కడి నుంచి వస్తుందో మేము పెద్దగా ఆలోచించలేదు. ఈ నెల ఆ సంగతే రాస్తున్నాము.

ముందుగా మా అభిప్రాయం చెప్పేస్తాము. ఇంట్లో నాటుకోడి పొదుగుకొచ్చినప్పుడు ప్రతిసారీ లేపేయడం తప్పు. ప్రతిసారీ పొదగేయడం కూడా మంచిది కాదు. ఏడాదికి ఒకసారి, వీలైతే రెండుసార్లు పొదగేయాలి. అది కూడా ఒక్క ఇంటివారు విడిగా కాదు, వీధిలో నాలుగైదు ఇళ్లవారు ఒకే వారంలో వేయాలి. ఎందుకో వివరిస్తాము.

మన నాటుపెట్ట ఏడాదికి సుమారు 50 నుంచి 60 గుడ్లు పెడుతుంది. అన్నీ వరుసగా పెట్టదు. పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఫారాల్లో పెంచే తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు ఏడాదికి దాదాపు 300 గుడ్లు పెడతాయి గాని పొదగవు. తరతరాలుగా గుడ్ల కోసమే ఎంచుతూ వచ్చినందువల్ల ఆ గుణం వాటిలో దాదాపుగా పోయింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా కోళ్లు కూడా పొదగడం అరుదు. పొదిగి, పిల్లల్ని లేపి, గద్ద నీడ పడితే రెక్కల కిందికి పిలుచుకునే తెలివి నాటుపెట్ట దగ్గరే మిగిలి ఉంది. కరెంటు లేకుండా 21 రోజులు గుడ్లకు సరైన వేడినిచ్చి, రోజుకు ఎన్నోసార్లు వాటిని ముక్కుతో తిప్పే యంత్రం పేదవాడి ఇంట్లో ఇదొక్కటే. దానిని నీళ్లలో ముంచి లేపడమంటే ఆ యంత్రాన్ని మన చేతులతో మనమే ఆపేసుకోవడం.

"పన్నెండు గుడ్లు కోడి కింద పెడితే, ఆ పన్నెండూ నా బిడ్డ నోటికి అందకుండా పోయినట్టే కదా?" అని ఒక తల్లి అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. లెక్క వేసి చూడండి. తినేస్తే ఆ పన్నెండు గుడ్లు పన్నెండు రోజులకు వస్తాయి. పొదగేసి జాగ్రత్తగా చూసుకుంటే ఎనిమిదో తొమ్మిదో పిల్లలు లేస్తాయి. అందులో నాలుగు పెట్టలు నిలబడినా, ఆరేడు నెలలకు అవి గుడ్లకు వస్తాయి. నాలుగు పెట్టలు ఏడాదికి 50 చొప్పున పెడితే 200 గుడ్లు. పుంజుల్ని అమ్ముకుంటే ఆ డబ్బు ఇల్లాలి చేతిలో ఉంటుంది. జ్వరమొచ్చినా, బడి ఫీజు కట్టాలన్నా ఒకరిని అడగనక్కరలేదు. కాబట్టి ఒక విడత గుడ్లు పొదగేయండి, మిగతా విడతలు పిల్లలకు పెట్టండి. అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తున్నారు, నిజమే. అది లేని రోజుల సంగతీ, ఇంట్లో ఉన్న బాలింత సంగతీ, టీబీ మందులు మింగుతున్న తాతగారి సంగతీ కూడా ఆలోచించాలి కదా.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నాటుగుడ్డులో ఏదో ప్రత్యేక శక్తి ఉందని చాలామంది నమ్ముతారు. మాంసకృత్తుల లెక్కలో నాటుగుడ్డుకూ ఫారం గుడ్డుకూ పెద్ద తేడా లేదు. ఇంటి గుడ్డు గొప్పతనం అది ఇంట్లో ఉండడమే. చేతిలో పైసా లేని రోజున కూడా అది గంప కింద దొరుకుతుంది.

పొదగేసేవారు ఈ సంగతులు గుర్తుంచుకోండి. ఎండాకాలం వద్దు. చలికాలం మంచిది. వారం రోజుల లోపు గుడ్లే వేయండి. వాటిని కడగవద్దు. వేసే వరకు చల్లని చోట, సన్నని కొన కిందికి ఉండేలా దాచండి. కొట్లో కొన్న ఫారం గుడ్లలో పుంజు కలవని గుడ్లే ఉంటాయి కాబట్టి అవి పిల్లలు కావు. కోడి సైజును బట్టి పది పన్నెండు గుడ్లు చాలు. గంపలో ఇసుకో ఊకో పోసి, పైన గడ్డి పరిచి, చీకటిగా ఉండే మూల పెట్టండి. దగ్గరలో నీళ్లూ గింజలూ ఉంచండి. రోజుకు ఒకసారి లేచి తిని, తిరిగి అదే వచ్చి కూర్చుంటుంది. ఏడో రోజు రాత్రి టార్చిలైటు వెలుతురులో గుడ్డును చూస్తే, పిల్ల పడిన గుడ్డులో సాలీడు కాళ్లలా ఎర్రని నరాలు కనిపిస్తాయి. ఏమీ కనిపించని గుడ్లు తీసేయండి. లేకపోతే మురిగి పగిలి మిగతావాటిని పాడుచేస్తాయి.

21వ రోజున పిల్ల పెంకు కొట్టుకుంటుంది. ఆలస్యమవుతోందని మనం పెంకు వలిస్తే నెత్తురు కారి పిల్ల చనిపోవచ్చు. వదిలేయండి. లేచిన పిల్ల కడుపులో ఇంకా పచ్చసొన ఉంటుంది. దానితో రెండు రోజులు గడుస్తుంది కాబట్టి మేత పెట్టలేదని కంగారు పడవద్దు. తర్వాత లోతు లేని మూకుడులో నాలుగు గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి. అలా చేస్తే పిల్లలు మునగవు. నూకలు చల్లండి. చెదపురుగులు దొరికితే అంతకన్నా బలమైన మేత లేదు. మొదటి రెండు మూడు వారాలు తల్లిని, పిల్లల్ని పెద్ద గంప కిందో దడి కట్టిన చోటో ఉంచితే గద్ద, కాకి, ముంగిస బాధ తగ్గుతుంది.

ఇంత చేసినా కొక్కెర తెగులు వస్తే ఒక్క వారంలో పెరడు ఖాళీ అవుతుంది. వచ్చాక దానికి మందు లేదు, రాకుండా టీకా ఉంది. పిల్లలకు వారం లోపు లసోటా మందు కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క వేయాలి. నాలుగైదు వారాలకు మళ్లీ ఒకసారి వేయాలి. ఎనిమిది వారాలు దాటాక ఇంజక్షను చేయించాలి. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఈ మందు సాధారణంగా 100 కోళ్లకు సరిపడా సీసాల్లో వస్తుంది. ఐసులో పెట్టి తేవాలి. కలిపిన తర్వాత రెండు గంటల్లో అయిపోవాలి. పది పిల్లలున్న ఇంటికి సీసా తెచ్చి తొంభై చుక్కలు పారబోయడానికి ఎవరికీ మనసు రాదు. అందుకే ఎవరూ తేరు. అందుకే అన్ని ఇళ్ల కోళ్లూ కలిసి చస్తున్నాయి.

అదే వీధిలో అయిదుగురు ఒకే వారంలో పొదగేస్తే? నలభై యాభై పిల్లలు ఒకే వారంలో లేస్తాయి. పాత కోళ్లు కూడా కలిస్తే సీసా నిండా పనే. ఒకరు పొద్దున్నే పశువైద్యశాలకు వెళ్లి, ఫ్లాస్కులో ఐసు పోసి మందు తెస్తే గంటలో అందరి పిల్లలకూ చుక్క పడుతుంది. ఎవరి కోడైనా మధ్యలో లేచిపోతే దాని గుడ్లు పక్కింటి కోడి కింద పెట్టవచ్చు. మందు వేసినవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ చేతితో కళ్లు తుడుచుకుంటే కళ్లు ఎర్రబడతాయి.

ఆసుపత్రివాళ్లం కనుక చివరగా ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చూడడానికి ఆరోగ్యంగా ఉన్న కోడిపిల్ల రెట్టలో కూడా విరేచనాలు తెచ్చే క్రిములు ఉండవచ్చు. చంటిపిల్లలు పాకే చోట కోళ్లు తిరగకూడదు. ఒంటిగది ఇళ్లలో రాత్రి మంచం కింద గంప పెట్టుకునే అలవాటు మానాలి. బయట గోడకు ఆనించి ఎత్తుగా చిన్న గూడు కట్టండి. పిల్లలు కోడిపిల్లల్ని ముద్దు పెట్టుకోకూడదు, పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. ఆరు నెలలు నిండిన బిడ్డకు గుడ్డు పెట్టవచ్చు, కాని సొన గట్టిపడే దాకా ఉడికించి మెత్తగా చిదిమి పెట్టండి. చచ్చిన కోడిని కోసుకు తినవద్దు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే దాచిపెట్టకండి, పశువైద్యశాలకు చెప్పండి.

వార్డులో చూసిన ఆ తల్లి బిడ్డను తీసుకుని ఇంటికి వెళ్లింది. ఆమె ప్రశ్న మా దగ్గరే ఉండిపోయింది. ఆ ఒక్క పెట్ట మళ్లీ గుడ్లు పెడుతుంది, మళ్లీ పొదుగుకొస్తుంది. అప్పటికి ఆమె వీధిలో ఇంకో నలుగురు సిద్ధంగా ఉంటే ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. మీ వీధిలో ఆ నలుగురు ఎవరో ఈ వారమే మాట్లాడుకోండి. రోజూ గుడ్డు పెట్టమని చెప్పే మేము, ఇకనుంచి మీ వీధిలో ఎన్ని కోళ్లు పొదుగుకొచ్చాయని కూడా అడుగుతాము.