మందుకు ముందు పేరు: ఎలుకల నివారణపై ఒక అభిప్రాయము

ఎలుకల నివారణను గురించి మన శాఖవారు ఏటేట చెప్పుచునే యున్నారు. రైతులు వినుచునే యున్నారు. మేము మందు పొట్లములు పంచుచున్నాము, వారు కలుగులలో వేయుచున్నారు. అయినను కోతల వేళకు గట్టు ప్రక్కన దుబ్బులు కొరికి పడవేసిన మడి కనుపించని గ్రామము అరుదు. లోపము మందులో నున్నదా, రైతులో నున్నదా, చెప్పిన మాలో నున్నదా యని ఆలోచింపవలసి యున్నది. నా అభిప్రాయములో లోపము మొదటి ప్రశ్నలోనే కలదు. "ఎలుకలకు ఏ మందు?" అని అందరమును అడుగుచున్నాము. "ఏ ఎలుక?" అని అడుగువారు లేరు.

జీవజాతులను వేరుపరచి గుర్తించుట పండితులు అద్దాల బీరువాల ముందు కూర్చుండి చేయు పని యనియు, పొలములో దానికి ప్రయోజనము లేదనియు పెక్కుమంది భావించుచుందురు. ఈ భావము సరికాదని చూపుటకు దూరము పోనక్కరలేదు.

సికింద్రాబాదులో జరిగిన సంగతి

మలేరియా జ్వరము దోమలవలన వచ్చునని రుజువైన చోటు మన సికింద్రాబాదే. రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు 1895 నుండి రెండేండ్లపాటు దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూచెను. ఏమియు కనబడలేదు. పనిలో లోపము లేదు, ఓపికలో లోపము లేదు. అతడు చూచినవి మలేరియాను మోయని జాతుల దోమలు, అంతే. 1897 ఆగస్టు 20వ తేదీన రెక్కలపై మచ్చలుగల వేరొక జాతి దోమను కోయగా దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కనుపించెను. ఆ దోమ జాతి పేరు అప్పటికి ఆయనకు తెలియదు. దానినే అనాఫిలిస్ అనుచున్నాము. ఈ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ప్లేగు చరిత్రయు ఇట్టిదే. 1896లో బొంబాయిలో పొడసూపిన ఆ మహమ్మారి దేశములో కోటిమందికి పైగా ప్రాణములను బలిగొన్నది. కాని చెన్నపట్నమున, సింహళములోని కొలంబోలో ఎలుకలు కొల్లలుగా నున్నను ప్లేగు అంతగా విజృంభింపలేదు. కారణమేమి? ఎలుకల మీదనుండి మనుష్యుల మీదికి దుముకు రెక్కలు లేని చిన్న పురుగులే ఈ రోగమును చేరవేయును. కొలంబోలో పనిచేసిన హిర్స్ట్ అను శాస్త్రజ్ఞుడు 1914 ప్రాంతమున ఆ పురుగులను జాతివారీగా వేరుచేసి చూచెను. అక్కడి ఎలుకలపై ఎక్కువగా నున్నది వేరొక జాతి పురుగు. అది ప్లేగును మోయుటలో చేతకానిది. కంటికి ఒకే రీతిగా కనుపించు రెండు పురుగుల భేదమే ఊళ్లకు ఊళ్లు నిలుచుటకు, తుడిచిపెట్టుకొని పోవుటకు కారణమైనది.

ఇప్పుడు మన పొలములోనికి వత్తము.

నాకు పాఠము చెప్పిన గట్టు

నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరము కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమున సామూహిక ఎలుకల నివారణ జరిపించితిని. రైతులందరును వచ్చిరి. గట్టున కనబడిన ప్రతి కలుగులోను పొట్లము వేయించితిని. పది దినముల తరువాత చూడగా నష్టము తగ్గినట్లు కనబడలేదు. మందు మంచిది కాదని రైతులనిరి. నేనును అట్లే అనుకొంటిని.

ఆ ఊరిలో తరతరములుగా ఎలుకలు పట్టు యానాది పెద్ద ఒకడుండెను. అతడు నన్ను గట్టు వెంబడి తీసికొనిపోయి, "అయ్యా, మీరు మందేసింది ఎండ్రకాయ బొక్కలో. దీని మూతిచుట్టూ బురద ఉండలున్నాయి చూడండి. ఎలుకైతే పొడిమట్టి కుప్ప పోస్తది" అనెను. పది కలుగులు చూపగా అందులో నాలుగు ఎండ్రకాయలవి. మిగిలినవాటిలోను అన్నియు ఒక ఎలుకవి కావు. "ఈ పెద్ద మట్టికుప్ప పందికొక్కుది. అది లోపలినుంచి మూతి మూసుకుంటది. అదుగో, ఆ నెర్రెలో ఉండేది మెట్ట ఎలుక. దానికి కలుగుతో పనేముంది తాతా అని అడగరేం?" అని నవ్వెను. వ్యవసాయ శాస్త్రములో పట్టము పొందిన నాకు ఆ గట్టుమీద అతడు చెప్పిన పాఠము ఏ తరగతిలోను దొరకలేదు.

ఎలుక యన్నది ఒకటి కాదు

మన పొలములలో ముఖ్యముగా గమనింపవలసిన జాతులు ఇవి.

వరి మాగాణులలో ఎక్కువ నష్టము చేయునది చిన్న పందికొక్కు. ఇది సుమారు పావుకిలో తూగును. నీటిలో ఈదగలదు. గట్లను తొలిచి లోతైన కలుగు చేసి, కంకులు కోసి లోపలి గదులలో నిలువచేయును. తాను తినుదానికంటె పాడుచేయునది ఎక్కువ. ఆంగ్లభాషలోని బాండికూట్ అను మాటయు, శాస్త్రజ్ఞులు ఈ ఎలుకలకు పెట్టిన బాండికోటా అను ప్రజాతి నామమును మన తెలుగు పందికొక్కు నుండి పుట్టినవే. లోకమంతయు మననుండి పేరు గైకొనగా, మనము ఆ పేరును మరచి అన్నిటిని ఎలుక యనుచున్నాము.

మెట్ట ఎలుక చిన్నది, మెత్తని బొచ్చు గలది. లోతులేని కలుగులలోను, నల్లరేగడి నెర్రెలలోను, గడ్డి దుబ్బుల క్రిందను ఉండును. కలుగులకు పొగబెట్టి ఊరకొన్నచో ఇది తప్పించుకొనును.

ఇసుక నేలలలో, మెట్ట చేలలో వేరొక ఎలుక కలదు. పెద్ద కన్నులు, పొడవైన వెనుక కాళ్లు, ఒంటికంటె పొడవైన తోక, తోక చివర నల్లని కుచ్చు దీని గుర్తులు. శాస్త్రజ్ఞులు దీనిని జెర్బిల్ అందురు. అడవి ఎలుకలలో ప్లేగు క్రిమి నిలిచియుండుటకు మన దేశమున ఇదియే ముఖ్యమైన ఆధారమని పరిశోధకులు గుర్తించిరి.

కొబ్బరి తోటలలో కాయలు తొలుచునది ఇంటి ఎలుక జాతికి చెందినది. ఇది చెట్టు మొవ్వులోనే గూడు కట్టుకొని కాపురముండును. దీనికొరకు నేలమీది కలుగులో మందు వేసినచో ఎవరికి లాభము? మందు మొవ్వులో పెట్టవలెను, లేదా చెట్టు మొదలుకు రేకు పట్టీ చుట్టవలెను.

ఇక ఇండ్లలో కిచకిచలాడుచు గోడవెంట పరుగెత్తు చుంచు అసలు ఎలుకయే కాదు. అది పురుగులను, బొద్దింకలను తిను వేరు వంశపు జంతువు. ఎలుకగా నెంచి దానిని చంపుట మనకే నష్టము.

మందు ఒక్కటే అయినను, పెట్టవలసిన చోటు, కాలము, పద్ధతి జాతినిబట్టి మారుచున్నవని రైతులు గ్రహింపవలెను.

మిత్రులను చంపుకొనుట

మరియొక సంగతి. ఒక చేతితో మేము బ్రోమాడయొలోన్ పంచుచున్నాము. రెండవ చేతితో గుడ్లగూబలు వ్రాలుటకు పొలములో కొయ్యలు పాతుడని చెప్పుచున్నాము. ఈ రెండును పొసగవలెనన్న జాగ్రత్త అవసరము. ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని దినములు తిరుగును. దానిని తిన్న తెల్ల గుడ్లగూబ శరీరములోను ఆ విషము చేరి నిలుచును. గుడ్లగూబ కూసిన ఇంట చావు వచ్చునని మూఢనమ్మకముతో దానిని తరుముచున్నాము, మిగిలినవాటిని మందుతో పోగొట్టుకొనుచున్నాము.

జెర్రిపోతు గతియు ఇంతే. దానికి విషము లేదు. ఎలుకల కలుగులలో దూరి పిల్లలతో సహా మ్రింగును. దానిని త్రాచుగా భ్రమించి కఱ్ఱలతో కొట్టి చంపుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దానికి రక్షణ కలదు. కాని పాము పేరు తెలియని వానికి చట్టమేమి తెలియును? శత్రువు పేరు తెలియనిచో మందు వ్యర్థము. మిత్రుని పేరు తెలియనిచో నష్టము రెట్టింపు.

జ్వరము సంగతి

ఎలుక పంటకే కాదు, ప్రాణమునకును ముప్పు. ఎలుకల మూత్రముతో కలుషితమైన మడి నీటిలో పనిచేయు వారికి కాళ్ల పగుళ్లగుండ, గాయములగుండ లెప్టోస్పైరా అను క్రిమి ప్రవేశించును. పందికొక్కులలోను, ఇంటి ఎలుకలలోను ఈ క్రిమి యున్నట్లు మన దేశపు పరీక్షలలో తేలినది. తీవ్రమైన జ్వరము, ఒళ్లు నొప్పులు, ముఖ్యముగ పిక్కలు పట్టివేయుట, కన్నులు ఎఱ్ఱబడుట దీని లక్షణములు. ముదిరినచో కామెర్లు వచ్చి మూత్రపిండములు చెడును. మలేరియా యనియో డెంగ్యూ యనియో పొరబడుట కలదు. మొదటిలోనే గుర్తించినచో మందులు లేకపోలేదు. కావున నాట్లకు, కలుపుకు పోయివచ్చిన తరువాత జ్వరము వచ్చినచో "పొలము నీళ్లలో పనిచేసితిని, అక్కడ ఎలుకలు గలవు" అని డాక్టరుగారికి తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాట రోగనిర్ణయమునకు దారి చూపును.

ఈ ముప్పు ఎక్కువగా నున్నది ఎవరికి? చేతితో కలుగులు త్రవ్వి ఎలుకలు పట్టువారికి. ఏ జాతి ఎక్కడ నుండునో అందరికంటె బాగుగా తెలిసినవారు వారే. వారికి తొడుగులు లేవు, బూట్లు లేవు, వారి విద్యకు గౌరవమును లేదు. ఎలుకకు ఇంతయని కూలి యిచ్చి పంపివేయుచున్నాము. ఇది నాకు న్యాయముగా తోచుటలేదు.

ఒక ఆక్షేపణ

"పంట పోవుచుండగా జాతులు లెక్కించుచు కూర్చుందుమా?" అని కొందరడుగవచ్చును. సరియైన ప్రశ్నయే. డెల్టా వరిలో పందికొక్కే అధికము గనుక సాధారణ సిఫారసు అక్కడ చాలవరకు పనిచేయునని ఒప్పుకొందును. కాని కంకి వచ్చిన పిమ్మట మేలుకొనుటయే అసలు తప్పు. అప్పటికి పొలమునిండ గింజలుండగా ఎలుక మన నూకల జోలికి రాదు. ఎలుకలు కాలువ గట్లపై, ఎత్తు గట్లపై గుమిగూడియుండు వేసవిలోను, తిరిగి నాట్లు వేసిన ఆరు వారములలోపలను పని జరుగవలెను. అప్పుడు గుర్తించుటకు కావలసినంత వ్యవధి యుండును. రెండు రాత్రుల పని. ఎండ్రకాయ బొక్కలలో పోసిన మందు ఖరీదుకంటె దాని ఖర్చు ఎక్కువ కాదు.

చేయవలసిన పని

గ్రామములో నివారణ తలపెట్టుటకు ముందు ఈ క్రమము పాటింపుడని నా సలహా.

1. ఊరిలోని ఎలుకలు పట్టువారిని పిలిచి, వారికి రోజుకూలి, చేతి తొడుగులు, బూట్లు ఇచ్చి రెండు రాత్రులు బుట్టలు పెట్టించవలెను. పడినవాటిని జాతివారీగా లెక్కించి, ఫోనుతో ఫోటోలు తీసి గ్రామ వ్యవసాయ సహాయకుడు పుస్తకములో వ్రాయవలెను. ఒట్టి చేతులతో ఎలుకలను ముట్టరాదు.

2. కలుగులన్నిటిని ఒక సాయంత్రము మట్టితో మూసి, మరునాడు తెరచుకొన్నవాటిని మాత్రమే చూడవలెను. బురద ఉండలున్నవి ఎండ్రకాయలవి, వాటిని విడువవలెను.

3. పందికొక్కు కలుగులకు 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు వంటనూనె, 2 పాళ్లు 0.25 శాతము బ్రోమాడయొలోన్ మందు కలిపి, 15 గ్రాముల చొప్పున పొట్లములు కట్టి కలుగు లోపల వేయవలెను. బయట చల్లరాదు. గ్రామమంతయు ఒకే దినమున చేయవలెను. ఒక రైతు చేసి ప్రక్క రైతు మానినచో ఎలుకకు గట్టు దాటుట ఎంతసేపు?

4. చచ్చిన ఎలుకలను దినదినము ఏరి లోతుగా పూడ్చవలెను. గుడ్లగూబలను, జెర్రిపోతులను కాపాడుట దీనిలోనే యున్నది.

5. ఆ లెక్క ప్రతి నొకదానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారికి అందజేయవలెను. పంటల కాగితము ఒక కచేరీలోను, జ్వరముల కాగితము మరొక కచేరీలోను ఉన్నంతకాలము ఎలుక ఈ రెంటి నడుమ హాయిగా తిరుగుచుండును.

ఈ పని యొక్క ఖర్చును నివారణ పథకములోనే చేర్చవలెనని నా శాఖవారిని కోరుచున్నాను. మందుకు పద్దు కలదు, గుర్తించుటకు లేదు. వ్యవసాయ కళాశాలలలో కూడ విద్యార్థులు పరీక్షకు పేర్లు వల్లెవేయుట మాని, ఒక పంటకాలమైనను ఎలుకలు పట్టువారి వెంట గట్లపై తిరుగవలెను.

రోగి ఎవరో చూడకుండ మందు వ్రాయు వైద్యుని మనము నమ్మము. కలుగులో ఏమున్నదో చూడకుండ పొట్లమిచ్చిన అధికారిని మాత్రము ఏల నమ్మవలెను? వచ్చే వేసవిలో మందు కొరకు మీరు మా కచేరీకి వచ్చినప్పుడు, "మీ పొలములో ఉన్నది ఏ ఎలుక?" అని మేము అడుగవలెను. మేము అడుగనిచో, రైతు సోదరులారా, మీరే మమ్ము అడుగుడు.