పెరటి చెట్టు: ఉంచాలా, తీయాలా?



ఎండలు ముదిరే వేళ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చాలా ఇళ్లలో ఒకటే పేచీ: పెరట్లో దానంతటదే మొలిచిన వేపను ఉంచాలా, తీసేయాలా? నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పొలాలు పచ్చగానే ఉన్నా, వీధుల్లో నీడ కరువవుతోంది. అందుకే ఈ సంచిక.

మాకు తోచింది సూటిగా చెబుతాం. గోడ పగుల్లో రావి మొలిస్తే మొలకగా ఉన్నప్పుడే తీసేయండి. ముదిరితే వేరు ఇటుకల సందుల్లోకి దిగి గోడను చీలుస్తుంది. పైన నరికినా కింద మళ్లీ చిగురిస్తుంది. వేప సంగతి వేరు. గోడకు, సెప్టిక్ ట్యాంకుకు, కరెంటు తీగలకు ఎడంగా చోటుంటే దాన్ని ఎదగనివ్వాలి. పెరిగాక కొట్టడం అనుకున్నంత తేలిక కాదు; 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి.

మన పక్క ఖమ్మం జిల్లాలో జీవితమంతా మొక్కలు నాటి, 2017లో పద్మశ్రీ అందుకున్న వనజీవి రామయ్య గారు 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన తలపు ఈ పేజీలన్నిటా ఉంది. చెట్టును ఉంచాలా, తీయాలా అన్నదానిపై మా రచయితలు ఒకరితో ఒకరు ఏకీభవించలేదు. కానీ అందరూ ఇరవై ఏళ్ల తర్వాతి ఇంటిని కళ్లముందు పెట్టుకునే రాశారు.

మీ పెరటి చెట్టు గురించి మీరేం నిర్ణయించుకున్నారో మాకు రాయండి.