వాకిట నిలిచిన పెద్దకొడుకు

లూకా సువార్త 15వ అధ్యాయమునందలి తప్పిపోయిన కుమారుని కథ నెఱుగని తెలుగు క్రైస్తవ గృహము లేదు. తండ్రి బ్రతికియుండగనే ఆస్తిలో తన పాలు పుచ్చుకొని దూరదేశమునకేగి, ఉన్నదంతయు దుబారా చేసి, కఱవు వచ్చినపుడు పందుల మేతకు సైతము ఆశపడి, బుద్ధి వచ్చి మరలిన చిన్నకొడుకును తండ్రి పరుగెత్తి కౌగిలించుకొనుటతో ఆ కథ ముగిసినదని పలువురు తలంతురు. ముగియలేదు. పొలమునుండి వచ్చిన పెద్దకొడుకు, ఇంట వాద్యధ్వని విని, అలిగి వాకిటనే నిలిచెను. తండ్రి వెలుపలికి వచ్చి బ్రతిమాలెను. అతడు లోనికేగెనో లేదో సువార్తికుడు చెప్పలేదు. కుటుంబవైరమును గూర్చి వ్రాయదలచిన రచయితకు కావలసిన ముడిసరకంతయు ఆ చెప్పకపోవుటలోనే యున్నదని మా నమ్మకము.

ఏలయన, ఆ కథలోని మొదటి సగము నేటి సైబరాబాదులో నడువదు. 1998లో హైటెక్ సిటీయందు సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట, గుంటూరు, ప్రకాశము, కృష్ణా సీమలనుండి వచ్చి మాదాపూరు, కొండాపూరు హాస్టళ్ళలో దిగి, ఆదివారము మియాపూరు ప్రాంతపు మహాసంఘములలో ఆరాధనకు కూర్చుండు యువజనులకు దూరదేశము ఒక రాత్రి బస్సు ప్రయాణము మాత్రమే. అచట కఱవు లేదు, నెలనెలా జీతము కలదు. స్విగ్గీ కుఱ్ఱవాడు బిరియానీ తెచ్చి గుమ్మమున పెట్టిపోవుచోట ఆకలి యెవరిని ఇల్లు చేర్చును?

లూథరన్ సంఘపు పెద్దయైన తండ్రిని తలపోయుడు. తాను పసితనమున ఇప్పించిన బాప్తిస్మము చెల్లదని కొడుకు నగరములో పెంతెకొస్తువారి తొట్టిలో మరల మునిగినందుకు ఆయన మాట మానుకొనెను. కొడుకు తల్లి మందులకు నెలనెలా ఫోన్‌పేలో డబ్బు పంపును. ఊరనే యుండి సేద్యము చూచుకొనుచు, ఆమెను గుంటూరు ఆసుపత్రికి త్రిప్పు అన్న "ముట్టింది" అని యొక్కమాట బదులిచ్చును. ఆ యొక్కమాటలో నొక నవల కలదు.

కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి నాటినుండి తెలుగు క్రైస్తవుని దుఃఖము కీర్తనగా పొంగినంత ధారాళముగా కథగా పొంగలేదు. 1955 నాటి ‘మిస్సమ్మ’ చలనచిత్రములో తప్పిపోయిన బిడ్డ కన్నవారికి దొరకుటతో అందఱును సంతసించిరి గాని, మేరీగా పెంచిన దంపతుల యెద నెవరు తడవిరి? హాస్యచిత్రమునకు అది లోపము కాదు, నవలకు లోపమే. అమెరికా రచయిత్రి మెరిలిన్ రాబిన్‌సన్ 2008లో వెలువరించిన ‘హోమ్’ నవలలో ఇరువది యేండ్లకు తిరిగివచ్చిన కొడుకును వృద్ధుడైన పాస్టరు తండ్రి క్షమించితినని యనుకొనియు పూర్తిగా క్షమింపజాలడు. కొడుకు మరల వెడలిపోవును. విశ్వాసియైన రచయిత్రియే అంత నిర్దయగా సత్యమును చెప్పినది.

మా పత్రికకు వచ్చు కథలు నిర్మలములే. అసభ్యత లేదు, పరనింద లేదు. కాని అనేకములందు ఆసుపత్రి మంచమొద్ద నొక ప్రార్థన, ఒక కన్నీటిచుక్క, ఒక కౌగిలింత. పదేండ్ల పగ పదిపంక్తులలో తీఱును. నిర్మలత్వమనగా నొప్పి లేకుండుట కాదని ఈ రచయితలకు మనవి చేయుచున్నాము. క్రిస్మసు సంచికకు కథలను ఆహ్వానించుచున్నాము. కౌగిలింతతో ముగియు కథనైనను త్రోసిపుచ్చము గాని, ఆ వేళకు పెద్దకొడుకు ఎక్కడ నున్నాడో రచయిత చెప్పితీరవలెను.