వేగ్ మాటలు.. సీమ నోట మట్టి!

ఇంగ్లీషులో ‘వేగ్’ అని ఒక విశేషణం ఉంది. డిక్షనరీ తీస్తే ‘అస్పష్టమైన’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పోటీ పరీక్షల కోసం విద్యార్థులు దాన్ని బట్టీ పడతారు. కానీ ఆ మాట సీమ బతుకుల్ని ఎట్లా ముంచిందో ఏ డిక్షనరీలోనూ ఉండదు.

‘ఆంబిగ్యువస్’ దానికి చుట్టమే గానీ రెండూ ఒకటి కాదు. మనకు గండి అంటే వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండల్ని చీల్చుకొని పారే చోటు. చెరువుకట్ట తెగినా గండే. మాట ఒకటి, అర్థాలు రెండు. ఇది ఆంబిగ్యువస్. ‘గండికి పోయి ఆంజనేయస్వామికి మొక్కొస్తాం’ అంటే ఏ గండో పిల్లోడికైనా తెలుస్తుంది. వేగ్ మాట అట్లా కాదు. దానికి అర్థం ఉంటుంది, హద్దు ఉండదు. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో ‘తగినంత బంగారం ఇస్తాం’ అని చీటీ రాసిస్తే ఎవరైనా రూపాయి కడతారా? కట్టరు. మరి అట్లాంటి చీటీనే పార్లమెంటు రాసిస్తే మనమెందుకు కళ్లకద్దుకున్నాం?

2014 పునర్విభజన చట్టం 46వ సెక్షన్ చూడండి. రాయలసీమకు, ఉత్తరాంధ్రకు ‘తగినన్ని’ ప్రోత్సాహకాలు ఇస్తారట! ఎన్ని? ఎవరి కొలత? చట్టంలో లేదు. చివరికి తేలింది జిల్లాకు ఏడాదికి 50 కోట్లు!

ఇక ఉక్కు. పదమూడో షెడ్యూలులో కడప జిల్లాకు ఉక్కు కర్మాగారం రాశారని సంబరపడ్డాం. అక్కడున్నది ‘స్థాపించాలి’ అని కాదు. ఆరు నెలల్లో సెయిల్ సాధ్యాసాధ్యాలను ‘పరిశీలించాలి’ అని మాత్రమే. ఖమ్మం జిల్లాకూ అదే మోసం. ఫైలు మీద ‘పరిశీలించండి’ అని రాస్తే ఆ ఫైలు గతి ఏమవుతుందో ఉద్యోగ మిత్రులకు మేం చెప్పాలా? పరిశీలించారు. సాధ్యం కాదని 2018లో సుప్రీంకోర్టుకే చెప్పారు. అంటే చట్టాన్ని అమలు చేసినట్టే లెక్క! జమ్మలమడుగు ప్రాంతంలో మాత్రం 2007, 2018, 2019, 2023లలో శంకుస్థాపనల మీద శంకుస్థాపనలు జరిగాయి. ఆ పదహారేళ్లలో ఒక్క కడ్డీ బయటికి రాలేదు.

ఢిల్లీ వాళ్లకు తేటగా రాయడం రాదా? వచ్చు. అదే షెడ్యూలులో తెలంగాణలో ఎన్‌టీపీసీ 4000 మెగావాట్ల కేంద్రాన్ని ‘స్థాపించాలి’ అని రాశారు. 2024కల్లా రామగుండంలో 1600 మెగావాట్లు వచ్చాయి. దుగరాజపట్నం ఓడరేవు తొలి దశ 2018 చివరికి పూర్తి కావాలని రాశారు. కట్టలేదు. కట్టకపోయినా, మాట తప్పారని గల్లా పట్టి అడగొచ్చు. కడప ఉక్కు విషయంలో ఆ హక్కు కూడా మిగల్లేదు. తేట మాటను తప్పితే దోషం. వేగ్ మాటకు తప్పడమంటూ లేదు. పాలకులకు అది అంత ముద్దు అందుకే!

ఈ షెడ్యూలుకు చట్టమే పెట్టిన పదేళ్ల గడువు 2024 జూన్‌తో ముగిసింది. రేపు మళ్లీ ప్యాకేజీలొస్తాయి, మేనిఫెస్టోలొస్తాయి. ‘సముచితం’, ‘సానుకూలం’, ‘దశలవారీ’ అంటూ తియ్యగా వస్తాయి. విద్యార్థులారా, ఉద్యోగులారా! ప్రతి హామీ ముందు మూడు ప్రశ్నలు నిలబెట్టండి. ఎంత? ఎప్పటికి? ఎవరిస్తారు? మూడింటికీ కాగితం మీద జవాబు లేకపోతే చప్పట్లు కొట్టకండి. ఆ కాగితాన్ని వాళ్ల మొహాన కొట్టండి!