బదరీ వృక్షం కింద నిద్రపోయిన ప్రవక్త

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో మిర్చి కోతలు మొదలయ్యాక ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవుల తీరు మారిపోతుంది. అప్పటిదాకా పిల్లల చదువులు, సంబంధాలు, ప్రయాణాల కోసం ప్రార్థించమన్నవారే ‘గుండె దడగా ఉంటోంది అయ్యగారూ’, ‘రాత్రి రెండింటికి మెలకువొస్తే మళ్లీ కన్ను మూతపడటం లేదు’, ‘అన్నం సయించడం లేదు’, ‘మెడ నరాలు పట్టేస్తున్నాయి’ అంటారు. ‘నాకు భయంగా ఉంది’ అని మాత్రం ఎవరూ అనరు. నోరు చెప్పలేనిది ఒళ్లు చెబుతుంది.

భయపడటానికి వారికి కారణాలు లేకపోలేదు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీరు అందుతుందో లేదోనన్న బెంగ ఏటా ఉన్నదే. 2021-22లో మిర్చిని నల్ల తామర పురుగు తినేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి, ఐతవరం దగ్గర హైవేనే ముంచేసింది. రోడ్డు రెండు రోజుల్లో తేరుకుంటుంది, మునిగిన పత్తి చేను తేరుకోదు. 2025లో పంట చేతికొచ్చేసరికి ధర పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కకట్టింది. కౌలు, ఎరువులు, పురుగుమందులు, కోత కూలీ కలిపి వేలిముద్రల మీద లెక్కవేసే రైతుకు ఆ అంకెలో మిగులు ఎంతో చెప్పనక్కరలేదు.

ఇలాంటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది? చేలో కాలి దగ్గర పాము బుస్సుమంటే మనం ఆలోచించేలోగానే గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి ఎక్కువవుతుంది, కండరాలు బిగుస్తాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి రసాయనాలు వదులుతాయి. పోరాడటానికో పారిపోవటానికో దేహం చేసుకునే ఈ సన్నాహాన్ని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో తన గ్రంథంలో వివరించాడు. ఆ క్షణంలో తిండి అరిగించుకునే తీరిక దేహానికి ఉండదు. జీర్ణకోశానికి వెళ్లే రక్తం తగ్గి కండరాలకు మళ్లుతుంది. అన్నం సయించకపోవడం, కడుపులో మంట, మాటిమాటికీ దొడ్డికి వెళ్లాల్సి రావడం ఇందువల్లనే. ఊపిరి మరీ వేగమైతే వేళ్లకు తిమ్మిరెక్కుతుంది, కళ్లు తిరుగుతాయి.

పాము పొదలోకి పోగానే పావుగంటలో అంతా సర్దుకుంటుంది. అప్పు అలా పోదు. విత్తనం వేసిన నాటి నుంచి గుంటూరు యార్డులో కాటా వేసేదాకా ఇంట్లోనే ఉంటుంది. దేహానికి పాముకూ ప్రామిసరీ నోటుకూ తేడా తెలియదు. నెలల తరబడి అదే సన్నాహంలో ఉండిపోతే నిద్ర చెడుతుంది, రక్తపోటు, షుగరు అదుపు తప్పుతాయి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక మెట్ట గ్రామంలో కూడిక ముగిశాక ఒక సహోదరి వచ్చి గుండె దడ, చేతుల తిమ్మిరి గురించి చెప్పింది. తలమీద చేతులుంచి ప్రార్థించాం, విశ్వాసంలో స్థిరంగా ఉండమన్నాం. అంతకు నెల ముందే ఆమె బీపీ మాత్రలు మానేసిందనీ, మానడమే విశ్వాసమనుకుందనీ మాకు తర్వాత తెలిసింది. ఏ మందులు వాడుతున్నావమ్మా అని ఒక్క మాట అడిగి ఉండవలసింది. ఆమెను తిరిగి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది ఆమె కోడలు, మేం కాదు.

చింతపడవద్దని ఫిలిప్పీయులకు రాసిన పౌలు మాటను మన ఇళ్ల గోడల మీద, క్యాలెండర్ల మీద చూస్తుంటాం. అదే పత్రికలో రెండు అధ్యాయాల ముందు, చావుకు దగ్గరగా వెళ్లి బతికిన ఎపఫ్రొదితును పంపుతూ, మీరతణ్ని చూస్తే నా దుఃఖమూ తగ్గుతుందన్న భావంతో రాశాడు. ఆ వాక్యం ఏ క్యాలెండరు మీదా కనబడదు. తిమోతి కడుపు జబ్బుకు విశ్వాసం చాలదని ఆయన మందలించలేదు, ఏం పుచ్చుకోవాలో చెప్పాడు. వైద్యుడైన లూకాను వెంట ఉంచుకున్నాడు.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీయండి. కర్మెలు మీద అంత విజయం చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు వినగానే ప్రాణభయంతో పరుగెత్తాడు. దాసుణ్ని బెయేర్షెబాలో వదిలేసి ఒంటరిగా అరణ్యంలోకి వెళ్లి, బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించాడా? లేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. ఇక్కడ నీకేం పని అన్న ప్రశ్న ఆ తర్వాత నలభై రోజులకు, హోరేబులో వచ్చింది. ఆ తర్వాత ఎలీషా తోడుగా దొరికాడు. నాలుగు రాత్రులుగా కన్ను మూయని మనిషిని ఉపవాసం పెట్టి రాత్రంతా ప్రార్థనలో కూర్చోబెట్టే ముందు పెద్దలు ఈ వరుసను ఒకసారి చదవాలి.

గుండెల్లో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట ఉంటే అది ఆందోళనేలే అని ఇంట్లో తేల్చుకోవద్దు, 108కి ఫోన్ చేయండి. డాక్టరు చూసి గుండె బాగానే ఉందన్నాక కూడా దడ వస్తుంటే, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు చేస్తే గుండె నెమ్మదిస్తుంది. సాయంత్రం తర్వాత టీ తగ్గించండి. నిద్ర కోసం మందు తాగితే తెల్లవారుజామున మరింత దిగులుతో మెలకువ వస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలూ అంతే ప్రమాదం. అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి ఇంటామెకు చూపించండి. చాలా ఇళ్లలో ఆమెకు తెలియని అప్పే మగవాణ్ని ఎక్కువగా నలిపేస్తోంది. డాక్టరు రాసిన మందులు ఆయన చెప్పకుండా మానవద్దు.

దిగులు మరీ ముదిరి ఎందుకీ బతుకు అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ అది. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో అలాంటి మాట ఎవరి నోటైనా వింటే దాన్ని కోపంలో అన్నదిగా కొట్టిపారేయకండి. వారిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి తీసి, తాళం వేసే చోటికి చేర్చండి. ఆ ఒక్క జాగ్రత్త ఎందరి ప్రాణాలనో నిలుపుతుంది.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, వెనక బల్ల మీద కూర్చుని త్వరగా వెళ్లిపోయే రైతు దగ్గరకు నడవండి. వాక్యం తర్వాత చెప్పవచ్చు. రాత్రి నిద్రపట్టిందా, పొద్దున ఏమైనా తిన్నావా అని అడగండి. తినలేదంటే ఇంటికి తీసుకెళ్లండి.