బీఫారం లేని పార్టీలు

2014 జూన్ 10 రాత్రి వర్జీనియాలో ఎరిక్ కాంటర్ ఓడిపోయారు. అప్పటికి ఆయన అమెరికా ప్రతినిధుల సభలో మెజారిటీ పక్షం నాయకుడు. రిపబ్లికన్లలో స్పీకర్ తర్వాత ఆయనే. ఓడించింది డెమొక్రాట్లు కాదు. సొంత పార్టీలోనే, బయట పెద్దగా ఎవరికీ తెలియని డేవ్ బ్రాట్ అనే ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు. పార్టీ టికెట్ ఎవరికన్నది ఓటర్లే తేల్చే ముందస్తు ఎన్నికను అక్కడ ప్రైమరీ అంటారు. ఏడు లక్షలకు పైగా జనాభా ఉన్న ఆ నియోజకవర్గంలో ఆ రోజు పడినవి సుమారు 65 వేల ఓట్లు. పార్టీ పెద్దల అండ, నిధులు అన్నీ కాంటర్ వైపే ఉన్నా టికెట్ బ్రాట్‌కు దక్కింది. నవంబరులో గెలిచి సభకు వెళ్లిందీ ఆయనే.

తెలుగు రాష్ట్రాల్లో ఎన్నికల సీజన్ చూసినవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు. ఇక్కడ టికెట్ అంటే అధినేత మాట. గడువు ముగిసేలోగా బీఫారం ఎవరి చేతికి అందితే వారే అభ్యర్థి. గెలిచాక విప్ ధిక్కరిస్తే, 1985లో వచ్చిన పదో షెడ్యూలు కింద సభ్యత్వమే పోవచ్చు. అమెరికాలో ఆ ఫారమూ లేదు, ఫిరాయింపుల చట్టమూ లేదు. 2001లో సెనేట్ 50–50గా ఉన్నప్పుడు వెర్మాంట్ సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీని వదిలి, స్వతంత్రుడిగా డెమొక్రాట్ల పక్కన కూర్చున్నారు. సభపై ఆధిపత్యం రాత్రికి రాత్రి చేతులు మారింది. ఆయన మాత్రం 2007 జనవరి వరకు, అంటే పదవీకాలం పూర్తయ్యేదాకా సెనేటర్‌గానే ఉన్నారు.

ఇంత వదులుగా ఉండే పార్టీలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1787లో ఫిలడెల్ఫియాలో రాసుకున్న రాజ్యాంగంలో పార్టీల ప్రస్తావనే లేదు. ముఠాల వల్ల వచ్చే ముప్పు గురించి అదే ఏడాది వ్యాసం రాసిన జేమ్స్ మాడిసన్, నాలుగైదేళ్లు తిరక్కుండానే జెఫర్సన్‌తో కలిసి ఆర్థిక మంత్రి హామిల్టన్ విధానాలకు వ్యతిరేకంగా పార్టీ కట్టారు. పార్టీ తత్వం దేశాన్ని చీలుస్తుందని 1796లో వాషింగ్టన్ వీడ్కోలు సందేశంలో హెచ్చరించేనాటికే చీలిక పూర్తయింది. 1800 అధ్యక్ష ఎన్నికలో ఒకే పార్టీకి చెందిన జెఫర్సన్, బర్ చెరి 73 ఎలక్టోరల్ ఓట్లతో సమానంగా నిలిచారు. ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ జరిపితే గాని జెఫర్సన్ అధ్యక్షుడు కాలేదు. 1804లో పన్నెండో సవరణ తెచ్చి, అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు వేర్వేరుగా ఓటు వేసే ఏర్పాటు చేశారు. పార్టీలను ఊహించని రాజ్యాంగం పదిహేడేళ్లకే వాటి కోసం మారాల్సి వచ్చింది.

అక్కడి నుంచి రెండు శతాబ్దాల చరిత్ర అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: టికెట్ ఎవరివ్వాలి? మొదట్లో కాంగ్రెస్ సభ్యులే ఒకచోట కూడి అధ్యక్ష అభ్యర్థిని ఎంచేవారు. 1824లో ఆ సమావేశానికి 66 మందే రావడంతో ఆ పద్ధతి పరువు పోయింది. తర్వాత జాతీయ మహాసభలు వచ్చాయి. 1860లో చికాగోలో మూడో విడత ఓటింగులో లింకన్‌ను నిలబెట్టింది అలాంటి మహాసభే. 1924లో న్యూయార్క్‌లో డెమొక్రాట్లు 103 విడతలు ఓటేసి చివరికి జాన్ డేవిస్ దగ్గర రాజీపడ్డారు. నవంబరులో ఆయన చిత్తుగా ఓడారు. మహాసభ తెర వెనుక బేరాలు నడిపింది నగరాల్లోని పార్టీ బాసులు, రాష్ట్రాల పెద్దమనుషులు. న్యూయార్క్‌లో టామనీ హాల్ ముఠా దోపిడీ చూసిన తరానికి, టికెట్ అధికారం వాళ్ల చేతుల్లోంచి లాగేయాలన్న కోరిక కలగడం న్యాయం. విస్కాన్సిన్‌లో గవర్నర్ లా ఫాలెట్ పట్టుబట్టి 1903లో ప్రైమరీ చట్టం తెచ్చారు. కానీ అధ్యక్ష పదవి దగ్గరికి వచ్చేసరికి ప్రైమరీలు చాలాకాలం సలహాగానే మిగిలాయి. 1912లో థియోడోర్ రూజ్‌వెల్ట్ రిపబ్లికన్ ప్రైమరీల్లో ఎక్కువ భాగం గెలిచినా, మహాసభ అప్పటి అధ్యక్షుడు టాఫ్ట్‌కే టికెట్ ఇచ్చింది.

ఆ బండారం పూర్తిగా బయటపడింది 1968లో. వియత్నాం యుద్ధం మీద దేశం రగులుతోంది. మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ మళ్లీ పోటీ చేయనన్నారు. యుద్ధాన్ని వ్యతిరేకించిన యూజీన్ మెకార్తీ, రాబర్ట్ కెన్నెడీ ప్రైమరీల్లో తలపడ్డారు. జూన్‌లో కెన్నెడీ హత్యకు గురయ్యారు. ఆగస్టులో డెమొక్రాట్ల చికాగో మహాసభ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయని ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి టికెట్ ఇచ్చింది. బయట వీధుల్లో పోలీసులు నిరసనకారుల తలలు పగలగొడుతుంటే దేశమంతా టీవీల్లో చూసింది. ఆ అవమానం నుంచే సెనేటర్ జార్జ్ మెక్‌గవర్న్ నాయకత్వంలో సంస్కరణల సంఘం పుట్టింది. మహాసభ ప్రతినిధుల ఎంపిక ప్రజలందరికీ తెరిచి ఉండాలన్న కొత్త నిబంధనలకు లోబడాలంటే ప్రైమరీ పెట్టడమే సులువని చాలా రాష్ట్రాలు తేల్చుకున్నాయి. చట్టాలు మారడంతో రిపబ్లికన్లూ అదే దారి పట్టారు. 1972లో మెక్‌గవర్నే అభ్యర్థి అయ్యారు, 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు. అంతమాత్రాన ఆ సంస్కరణ తప్పని చెప్పలేం. మూసిన గదిలో పదిమంది పెద్దలు తేల్చే టికెట్‌కు ప్రజాస్వామ్యంలో సమర్థన లేదు.

తప్పు తర్వాత జరిగింది. 1964లో పౌరహక్కుల బిల్లుకు సెనేట్‌లో 46 మంది డెమొక్రాట్లు, 27 మంది రిపబ్లికన్లు ఓటేశారు. దాన్ని ఎదిరించిన 27 మందిలో అత్యధికులు దక్షిణాది డెమొక్రాట్లు. అప్పట్లో ఒక్కో పార్టీలో అన్ని రకాలవారూ ఉండేవారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉదారవాదులంతా ఒకవైపు, సంప్రదాయవాదులంతా మరోవైపు సర్దుకున్నారు. ఊళ్లూ అలాగే విడిపోయాయి, నియోజకవర్గాల సరిహద్దులనూ పార్టీలు తమకు అనుకూలంగా గీసుకున్నాయి. ఇప్పుడు ఎక్కువ స్థానాల్లో ఏ పార్టీ గెలుస్తుందో ముందే తెలుసు. అంటే అసలు పోటీ ప్రైమరీలోనే. దానికి వచ్చేది కొద్దిమంది, వారిలోనూ పార్టీ మీద పట్టుదల ఎక్కువున్నవారు. బాసుల గది నుంచి తీసుకున్న అధికారం జనం మొత్తానికి చేరలేదు.

2021లో ట్రంప్ అభిశంసనకు ఓటేసిన రిపబ్లికన్ సభ్యులు పదిమంది. నలుగురు మళ్లీ పోటీ చేయలేదు. లిజ్ చేనీ సహా నలుగురు ప్రైమరీల్లోనే ఓడారు. మిగిలింది ఇద్దరు, వాషింగ్టన్ రాష్ట్రం నుంచి డాన్ న్యూహౌస్, కాలిఫోర్నియా నుంచి డేవిడ్ వాలడావో. ఈ రెండు రాష్ట్రాల్లోనూ ప్రైమరీ పార్టీలవారీగా ఉండదు. అన్ని పార్టీల అభ్యర్థులు ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, ఓటర్లందరూ ఓటేస్తారు, మొదటి ఇద్దరూ నవంబరుకు వెళ్తారు. ఇదేమీ రక్షాకవచం కాదు. అదే వాషింగ్టన్‌లో, ఆ పదిమందిలో ఒకరైన జైమీ హెరెరా బ్యూట్లర్ స్వల్ప తేడాతో మూడో స్థానానికి జారి ఓడారు. అయినా బతికి బయటపడిన ఇద్దరూ అక్కడివారే కావడం కాకతాళీయమని కొట్టిపారేయలేం.

టికెట్ మీద పార్టీకి పట్టు లేనిచోట డబ్బుకు పట్టు దొరుకుతుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ చట్టసభలో పనిచేసి, 2018లో కాంగ్రెస్ స్థానానికి డెమొక్రాట్ల ప్రైమరీలో దిగారు. ఆ ఎన్నికల్లో కోటి డాలర్లకు పైగా సొంత సొమ్ము పెట్టిన వ్యాపారి డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడారు. 2023లో ఆమె ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు, అది వేరే కథ. ప్రైమరీ ఎంత నిర్ణాయకమో అమెరికా తెలుగువారికి ఆ పోటీ చూపించింది. నవంబరులో మాత్రమే ఓటేసి సరిపెట్టుకునే తెలుగు కుటుంబాలు, అసలు నిర్ణయం అయిపోయాక బూత్‌కు వెళ్తున్నాయి.

ఇంకా అన్యాయమైన సంగతి ఒకటుంది. ఈ ప్రైమరీలను చాలావరకు రాష్ట్ర ప్రభుత్వాలే ప్రజాధనంతో నడుపుతాయి. గాలప్ సర్వేల్లో తమను ఏ పార్టీవారమూ కామని చెప్పుకునేవారు కొన్నేళ్లుగా నలభై శాతానికి అటూఇటూ ఉంటున్నారు. అయినా న్యూయార్క్, ఫ్లోరిడా, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో పార్టీ పేరు నమోదు చేసుకోని ఓటరుకు ప్రైమరీలో ఓటు లేదు. పన్ను కట్టించుకుని తలుపు మూసే పద్ధతి ఇది.

అలాస్కా వేరే దారి చూపింది. అక్కడి సెనేటర్ లీసా ముర్కోవ్‌స్కీ 2010లో రిపబ్లికన్ ప్రైమరీలో ఓడారు. బ్యాలెట్ మీద పేరు లేకపోయినా, ఓటర్లు చేత్తో ఆ కష్టమైన పేరు రాసి మరీ గెలిపించారు. 2020లో ఆ రాష్ట్రం అందరికీ ఒకే ప్రైమరీ పెట్టి, మొదటి నలుగురినీ నవంబరుకు పంపేలా, అక్కడ ప్రాధాన్యక్రమంలో ఓటేసేలా చట్టం మార్చుకుంది. ట్రంప్ దోషి అని సెనేట్‌లో ఓటేసిన ముర్కోవ్‌స్కీ 2022లో ఆ పద్ధతిలోనే మళ్లీ గెలిచారు. 2024లో దాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన వెయ్యి ఓట్ల లోపు తేడాతో వీగిపోయింది. అదే రోజు కొలరాడో, నెవాడా, ఐడహో ఓటర్లు ఇలాంటి సంస్కరణలను తిరస్కరించారు. అక్కడ వాటిని మళ్లీ ప్రజల ముందుకు తేవాలి. తెచ్చేవారికి అమెరికా తెలుగు సంఘాలు కూడా తోడు నిలవాలి.